మోసుకెళ్తామంటే సరిపోదు

కొత్త కాంప్లెక్స్ కడుతున్న బిల్డర్‌ని, చక్రాల కుర్చీలో వచ్చే మనిషి పై అంతస్తుకు ఎలా వస్తాడని అడిగి చూడండి. జవాబులు వరుసగా వచ్చేస్తాయి. లిఫ్ట్ పెట్టాం కదా అంటాడు. అయినా అలాంటివాళ్లు ఎంతమంది వస్తారండీ అంటాడు. వస్తే మావాళ్లు లేరా, నలుగురు పట్టుకుంటే కుర్చీతో సహా పైన పెట్టేస్తారని అభయమిస్తాడు. ప్రభుత్వ కార్యాలయంలో అడిగినా ఇవే వినిపిస్తాయి, కాకపోతే పాత బిల్డింగు, ఏం చేయలేమన్న మాట ఇంకొకటి తోడవుతుంది. ఇలా చెప్పేవాళ్లు చెడ్డవాళ్లేం కారు. చాలామందికి నిజంగానే సాయం చేసే గుణం ఉంది. దయ చాటున నిలబడ్డ వాదనను తప్పు పట్టడానికి ఎవరికీ నోరు రాదు కాబట్టే ఇది ఇన్నేళ్లూ ఎదురులేకుండా చెల్లుబాటైంది.

ఈ జవాబులన్నిటి అడుగునా ఒకే నమ్మకం ఉంది. మనిషి పైకి చేరితే చాలు, ఎలా చేరాడన్నది అనవసరం. ఆ నమ్మకం తప్పు. నలుగురూ వచ్చిపోయే భవనానికి లిఫ్ట్ ఎంచుకునేటప్పుడు ధర, అది తినే చోటు తర్వాత చూసుకోవచ్చు. ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి వాచ్‌మన్‌ని కేకేయకుండా, తాళంచెవి కోసం కాచుకోకుండా, తనంతట తాను ఎక్కి, పని చూసుకుని, దిగి వెళ్లగలడా? దీనికి అవునని చెప్పలేని యంత్రం ఎంత చవకగా వచ్చినా దండగ ఖర్చే.

ఇది అతి అనిపించేవాళ్లు జర్మనీలోని కార్ల్స్‌రూహె వైపు ఒకసారి చూడాలి. ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం, సివిల్, క్రిమినల్ కేసుల అత్యున్నత న్యాయస్థానం రెండూ రాజధాని బెర్లిన్‌లో కాక ఈ ఊళ్లో ఉన్నాయి. వైకల్యం కారణంగా ఎవరికీ నష్టం కలిగించరాదన్న వాక్యాన్ని జర్మన్లు 1994లో తమ రాజ్యాంగం మూడో అధికరణంలో చేర్చారు. ఆ వాక్యానికి అర్థమేమిటో 2020 జనవరి 30న రాజ్యాంగ న్యాయస్థానం ఒక చిన్న గొడవలో తేల్చి చెప్పింది.

చూపులేని ఒక మహిళ తన దారి చూపే కుక్కతో ఫిజియోథెరపీకి వెళ్లేది. అక్కడికి రెండు దారులు. ఒకటి, అదే భవనంలోని ఎముకల డాక్టర్ల క్లినిక్ గుండా, నేల మట్టంలో. రెండోది, బయటి ఇనుప జాలీ మెట్ల మీదుగా. జాలీలో గోళ్లు ఇరుక్కుంటాయని కుక్క ఆ మెట్లెక్కదు. క్లినిక్ వాళ్లేమో శుభ్రత పేరు చెప్పి, కుక్కతో లోపలికి రావద్దన్నారు. కింది కోర్టులు ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చాయి. ఆమెను ఆపుతున్నది అంధత్వం కాదు, కుక్క లేకుండా రానన్న ఆమె పట్టుదలే అన్నది వాటి తర్కం. కార్ల్స్‌రూహె ఆ తర్కాన్ని కొట్టేసింది. కుక్కను వదిలేస్తే ఆమె ముక్కూమొహం తెలియని మనిషి చేతికి తనను తాను అప్పగించుకోవాలి. తనకిష్టం లేకపోయినా వాళ్లు పట్టుకుని నడిపిస్తే నడవాలి, లేదా చక్రాల కుర్చీలో తోస్తే కూర్చోవాలి. ఇది కాలం చెల్లిన పెత్తనంతో సమానమని న్యాయస్థానం అంది.

ఆ కేసులో లిఫ్ట్ ఊసే లేదు. కానీ మన బిల్డర్ మూడో జవాబుకు ఇంతకంటే సూటి ఖండన నాకు దొరకలేదు. తీసుకెళ్తామన్నాం కదా అన్న మాట అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ముందు నిలవలేదు. సాయం చేయడానికి ఎదుటివాడు సిద్ధంగా ఉన్నంత మాత్రాన, సాయం పుచ్చుకుని తీరాలన్న బాధ్యత మనిషి మీద పడదు.

జర్మనీ 2002లో చేసిన వికలాంగుల సమానత్వ చట్టం అడ్డంకులు లేని భవనం అంటే ఏమిటో నిర్వచించింది. అందరూ మామూలుగా వెళ్లే పద్ధతిలోనే వెళ్లగలగాలి, ప్రత్యేకంగా ఇబ్బంది పడకూడదు, సూత్రప్రాయంగా ఇతరుల సాయం అవసరం కాకూడదు. లిఫ్ట్ కొనే ముందు ఈ మూడు షరతులూ కాగితం మీద రాసుకుని, ఒక్కో యంత్రాన్నీ వాటి ముందు నిలబెట్టి చూస్తే సగం కేటలాగు అక్కడే పక్కకు పోతుంది.

ముందు మెట్ల పట్టా మీద ఏటవాలుగా జరిగే ప్లాట్‌ఫారం సంగతి. చోటు తక్కువ తింటుంది, గోడ పగలగొట్టే పని ఉండదు, ధర తక్కువ. అందుకే టెండర్లలో తరచూ ఇదే గెలుస్తుంది. దాన్ని వాడే మనిషి వైపు నుంచి చూడండి. మడిచి ఉన్న ప్లాట్‌ఫారాన్ని ఎవరో ఒకరు విప్పాలి. అది కదిలినంతసేపూ బటన్ నొక్కి పట్టుకునే ఉండాలి, వేలు తీస్తే ఆగిపోతుంది. చేతుల్లో పట్టు లేనివాళ్లకు, అంటే చక్రాల కుర్చీ వాడేవాళ్లలో చాలామందికి, అదే పెద్ద పరీక్ష. ఆ కాసేపూ మెట్ల మీద రాకపోకలు ఆగుతాయి, పైవాళ్లూ కిందవాళ్లూ నిలబడి చూస్తుంటారు. చట్టం చెప్పిన మూడు షరతుల్లోనూ ఇది తప్పుతుంది. ఇంట్లో, ఒకే మనిషి కోసం, వేరే దారి లేనప్పుడు పెట్టుకుంటే అర్థముంది. బ్యాంకులో, కోర్టులో, కల్యాణ మండపంలో పెట్టడం మాత్రం తప్పించుకోవడమే.

రెండోది నిలువుగా లేచే ప్లాట్‌ఫారం లిఫ్ట్. దీని మీద నాకు అంత కోపం లేదు. యూరప్ ప్రమాణాల ప్రకారం దాని వేగం సెకనుకు 15 సెంటీమీటర్లు దాటకూడదు. మూడు మీటర్ల అంతస్తు ఎక్కాలంటే కనీసం 20 సెకన్లు, మామూలుగా ఇక్కడా బటన్ నొక్కి పట్టుకునే ఉండాలి. అరుగు ఎత్తో, సభావేదిక ఎత్తో దాటడానికి సరిపోతుంది. మూడంతస్తుల కాంప్లెక్సుకు ఇదే అసలు లిఫ్ట్ అంటే కుదరదు. ఇక మన దగ్గర దానికో తాళం వేసి, తాళంచెవి సూపరింటెండెంట్ సొరుగులో పెడతారు. పిల్లలు ఆడుకుంటారనీ, చెడగొడతారనీ కారణం చెబుతారు. అసలు లిఫ్ట్‌కి లేని తాళం దీనికే ఎందుకో ఎవరూ చెప్పరు.

మూడోది అందరూ ఎక్కే మామూలు లిఫ్ట్. ప్రజలు వచ్చే భవనానికి ఇదే సరైన ఎంపిక. తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, ఒకసారి నొక్కితే చాలు, ఎవరి కళ్లూ ప్రత్యేకంగా మీద పడవు. అందరూ వాడేది కాబట్టి చెడిపోతే అందరూ అరుస్తారు, ఆ అరుపులకే బాగవుతుంది. వికలాంగుల కోసమని విడిగా పెట్టిన యంత్రం పాడైతే అరిచేది ఒక్కడే, ఆ ఒక్కడి గొంతు మెయింటెనెన్స్ కాంట్రాక్టరు దాకా వెళ్లదు.

అయితే మామూలు లిఫ్ట్ అన్నంత మాత్రాన సరిపోదు. లిఫ్ట్ పెట్టాం కదా అన్న మొదటి జవాబు ఇక్కడే బొక్కబోర్లా పడుతుంది. మన కాంప్లెక్సుల్లో విరివిగా కనిపించేది ఆరుగురు పట్టే లిఫ్ట్. భారతీయ ప్రమాణాల పట్టికలో దాని తలుపు వెడల్పు 700 మిల్లీమీటర్లు, లోపలి లోతు 1000. మనిషి కూర్చున్న చక్రాల కుర్చీ పొడవు పాదాలతో కలిపి 1200 దాకా ఉంటుంది, వెడల్పు 700కు అటూ ఇటూ. చక్రాన్ని తిప్పే చేతి వేళ్లకు చోటెక్కడ? కుర్చీ సగం లోపల, సగం బయట ఉంటే తలుపు మూసుకోదు. ఎనిమిది మంది పట్టే లిఫ్ట్‌లో వెడల్పు 1300 ఉన్నా లోతు 1100 దగ్గరే ఆగిపోతుంది. అందుకే మన మార్గదర్శకాలు ఎప్పటి నుంచో 13 మంది పట్టే లిఫ్ట్ గురించి చెబుతూ వచ్చాయి: లోపల 2000 వెడల్పు, 1100 లోతు, 900 తలుపు, అంటే కుర్చీ లోపల అడ్డంగా నిలవాలి. జర్మన్ ప్రమాణం మరో రకంగా ఆలోచించింది. లోపల 1100 వెడల్పు, 1400 లోతు, తలుపు 900. కుర్చీ నేరుగా వెళ్తుంది, వెనకాల ఒకరు నిలబడొచ్చు. తలుపు బయట కుర్చీ తిప్పుకోవడానికి నిలువూ అడ్డమూ మీటరున్నర ఖాళీ ఉండాలి. తలుపు ముందే చెప్పుల స్టాండూ, జెనరేటరూ పెట్టే మన అలవాటుకు ఈ ఒక్క నియమమే చెంపపెట్టు.

కొలతలు సరిపోయినా ఇంకో మోసం మిగిలి ఉంటుంది. సెల్లార్‌లో పార్కింగు, దాని మీద ఎత్తు చేసిన గ్రౌండ్ ఫ్లోర్. వీధి నుంచి లిఫ్ట్ తలుపు దాకా నాలుగైదు మెట్లు. లిఫ్ట్ ఉంది, లిఫ్ట్ దాకా వెళ్లే దారి లేదు. ర్యాంప్ ఉందంటారు, వెళ్లి చూస్తే అది మోటారు సైకిళ్లు దిగడానికి పోసిన సిమెంటు వాలు. మన నియమాలు ర్యాంపుకు ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు అడుగుతాయి. జర్మనీలో వాలు ఆరు శాతం దాటకూడదు, ఆరు మీటర్లకోసారి ఊపిరి తీసుకునే చదును ఉండాలి. కొలవాల్సింది లిఫ్ట్‌ని ఒక్కదాన్నే కాదు, ఆటో దిగిన చోటు నుంచి కౌంటర్ ముందు దాకా మొత్తం దారిని. కార్ల్స్‌రూహె ఈ విషయంలో కష్టపడి నేర్చుకున్న ఊరు. 2021 డిసెంబరులో ఆ నగరం తన నడిబొడ్డు ట్రాములను సొరంగంలోకి దింపి ఏడు భూగర్భ స్టేషన్లు తెరిచింది. లిఫ్ట్ కిందికి దించాక కూడా రైలు గడప అందాలి కదా. రెండు రకాల బండ్లు తిరుగుతాయి కాబట్టి ప్లాట్‌ఫారాలను 34, 55 సెంటీమీటర్ల రెండు ఎత్తుల్లో కట్టారు.

ఇక అలాంటివాళ్లు ఎంతమంది వస్తారండీ అన్న వాదన. వినడానికి లెక్కలాగే ఉంటుంది. కానీ రాలేని చోటికి ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టి, వాళ్లు లేరని తేల్చడం వంతెన కట్టకముందే ఏటిని ఎంతమంది దాటుతున్నారో లెక్కపెట్టడం లాంటిది. పైగా మెట్లు బాధించేది చక్రాల కుర్చీ వాళ్లను మాత్రమే అనుకోవడం పొరపాటు. మోకాళ్లు అరిగిన అమ్మమ్మలు, నెలలు నిండిన ఆడవాళ్లు, కాలికి కట్టు కట్టించుకుని డాక్టరు దగ్గరికి మళ్లీ వచ్చినవాళ్లు, చంటిబిడ్డ తోపుడు బండితో వచ్చినవాళ్లు, మూటలు మోసేవాళ్లు అందరూ ఆ లిఫ్టే ఎక్కుతారు. ఎముకల డాక్టరు క్లినిక్ మొదటి అంతస్తులో పెట్టి, లిఫ్ట్‌కి జనం రారని చెప్పే ఊళ్లు మనవి.

ఖర్చు సంగతికి వద్దాం. చవక యంత్రం చవకగా ఉండేది కొన్న రోజే. టెండరులో తక్కువ ధర వేసినవాడికి పని ఇచ్చే పద్ధతి కొనే రోజునే చూస్తుంది, తర్వాతి పదిహేనేళ్లను చూడదు. స్పేర్ పార్టులు ఎక్కడి నుంచి రావాలి, మెకానిక్ ఎన్ని గంటల్లో వస్తాడు, కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు దానంతటదే చేరుతుందా, ఏడాది నిర్వహణ ఒప్పందానికి ఎంత అన్నవి ధర పక్కనే రాయించుకోవాలి. ఏథెన్స్ అనుభవం అందరి ముందూ ఉంది. 2004 పారాలింపిక్స్ వేళ ఆక్రొపోలిస్ కొండకు చక్రాల కుర్చీల కోసం ఒక లిఫ్ట్ పెట్టారు. అది మాటిమాటికీ మొరాయించింది. చివరికి 2020 డిసెంబరులో దాని బదులు కొత్త లిఫ్ట్ వేయాల్సి వచ్చింది. ప్రపంచమంతా చూసే చోటే ఇలా జరిగితే, మండల కార్యాలయంలో మూలపడ్డ లిఫ్ట్‌ని పట్టించుకునేదెవరు? కార్ల్స్‌రూహె సొరంగానికీ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. వీధి మట్టంలో నడిచిన ట్రామును భూమి కిందికి దింపాక, లిఫ్ట్ ఆగిన రోజున చక్రాల కుర్చీ మనిషికి ఆ స్టేషన్ లేనట్టే. అందువల్ల నిర్వహణ ఖర్చును లిఫ్ట్ ధరలో భాగంగానే లెక్కకట్టాలి.

పాత బిల్డింగు, ఏం చేయలేం అన్న మాటకూ కార్ల్స్‌రూహెలోనే జవాబుంది. జర్మనీలోని సాక్సనీలో ఒక పాత అపార్ట్‌మెంటు ఐదో అంతస్తు పెద్దాయన, తీవ్ర వైకల్యమున్న మనవరాలి కోసం తన ఖర్చుతో లిఫ్ట్ పెట్టుకుంటానన్నాడు. మిగతా యజమానులు ఒప్పుకోలేదు. 2017 జనవరి 13న కార్ల్స్‌రూహెలోని ఆ సివిల్, క్రిమినల్ కేసుల అత్యున్నత న్యాయస్థానం అందరి సమ్మతీ లేకుండా కుదరదంది. మెట్ల మీద నడిచే కుర్చీ లిఫ్టో, ర్యాంపో అయితే వేరే మాట, పూర్తి లిఫ్ట్ మాత్రం భవనాన్నే మార్చేస్తుందన్న ధోరణి ఆ తీర్పుది. మన ప్రభుత్వ కార్యాలయం మాటే, కాస్త చట్టభాషలో. అప్పుడు జర్మన్ పార్లమెంటు కదిలింది. 2020 డిసెంబరు 1 నుంచి అమలైన సవరణతో, వైకల్యమున్నవాళ్లకు అనువైన మార్పు కోరే హక్కు అపార్ట్‌మెంటు యజమానులకు వచ్చింది. 2024 ఫిబ్రవరి 9న అదే న్యాయస్థానం ముందుకు మ్యూనిక్ కేసు వచ్చింది. 1911-12లో కట్టిన అలంకార శైలి భవనం, రక్షిత కట్టడం. వెనక భవనానికి బయటి నుంచి లిఫ్ట్ కావాలన్నవాళ్లకు ఏ వైకల్యమూ లేదు. అయినా న్యాయస్థానం వాళ్ల పక్షానే నిలిచింది. అడిగినవాడికి స్వయంగా వైకల్యం ఉండాల్సిన పని లేదనీ, అడ్డంకులు తొలగడం సమాజం మొత్తానికి సంబంధించిన లక్ష్యమనీ తేల్చింది.

అవి నివాస భవనాలు కదా, మనకెందుకు అనొచ్చు. మన పట్టణాల్లో నివాసమేదో వ్యాపారమేదో విడదీయగలరా? కింద బట్టల దుకాణం, మొదటి అంతస్తులో దంతవైద్యుడు, రెండో అంతస్తులో కోచింగ్ సెంటర్, ఆ పైన కాపురాలు. ఏ యజమాని లిఫ్ట్ అడిగినా మిగతావాళ్లు తలా ఓ అభ్యంతరం చెప్పే భవనాలివే. నూరేళ్ల రక్షిత కట్టడానికి లిఫ్ట్ పట్టినప్పుడు, ఇరవయ్యేళ్ల కాంక్రీటు డబ్బాకు పట్టదని ఎవరిని నమ్మిస్తారు?

జర్మనీని స్వర్గంగా చూపించాలని నాకేం లేదు. ఆ 2002 చట్టం ప్రధానంగా కేంద్ర ప్రభుత్వ సంస్థలనే కట్టడి చేస్తుంది, ప్రైవేటు దుకాణదారుడి గడప దాకా దాని చేయి సరిగా అందలేదు. ఈ విషయంలో కాగితం మీద మన చట్టమే గట్టిది. 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, నియమాలు పాటించని భవనానికి ప్లాన్ మంజూరు చేయకూడదు. పాత ప్రజా భవనాలను ఐదేళ్లలో మార్చాలి, సేవలందించే సంస్థలు ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా రెండేళ్లలో మారాలి. ఆ గడువులన్నీ ఎప్పుడో దాటిపోయాయి. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. ఆ చట్టం కింద చేసిన నిబంధనల్లో, సిఫారసుల భాషలో రాసుకున్న పదిహేనో నియమం చట్టానికే విరుద్ధమంది. అందరూ తప్పనిసరిగా పాటించి తీరాల్సిన కనీస నియమాలు మూడు నెలల్లో రాయమంది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన క్షేత్రస్థాయి నివేదిక తయారైంది హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రంలో. జవాబు మన పెరట్లో రాసిందే. చదవాల్సినవాళ్లు టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఉన్నారు.

చివరిగా, అన్నిటికంటే బలమైన వాదన, దయ. కొన్నేళ్ల కిందట భూపాలపల్లి కోర్టులో, మెట్ల దగ్గర కూర్చుండిపోయిన ఒక వృద్ధురాలి దగ్గరికి జడ్జిగారే దిగివచ్చి, మెట్ల మీద కూర్చుని ఆమె పింఛను గోడు విని తీర్పిచ్చారు. 2025లో బోధన్‌లోనూ ఒక న్యాయమూర్తి బయటికొచ్చి, ఆటోలో ఉన్న వృద్ధ దంపతుల మాట విన్నారు. పత్రికలు మెచ్చుకున్నాయి, మెచ్చుకోవాల్సిందే. ఆ న్యాయమూర్తులు చేయగలిగింది చేశారు. కానీ ఆ ఫొటోలు చూసి మురిసిపోయిన మనం అడగని ప్రశ్న ఒకటి మిగిలింది. కోర్టు కట్టినవాళ్లు ఆ ముసలివాళ్లను ఎందుకు మరిచిపోయారు? జడ్జిగారు బదిలీ అయ్యాక వచ్చేవారు కూడా దిగివస్తారని హామీ ఎవరిస్తారు? ఆస్తి దస్తావేజు మీద వేలిముద్ర వేయడానికి వచ్చిన తండ్రిని కొడుకులు కుర్చీతో సహా మోసుకుంటూ సబ్ రిజిస్ట్రార్ మేడ మెట్లెక్కితే, ఆ వేలిముద్ర వేయనని చెప్పే అవకాశం కూడా ఆయనకు మిగలదు. మోసుకెళ్లేవాళ్ల దయ మీదే ఆయన తిరిగి కిందికి దిగాలి కదా.

సాయం అక్కర్లేదని నేననడం లేదు. మంటలు అంటుకున్నప్పుడు మామూలు లిఫ్ట్ వాడకూడదు, అప్పుడు మనుషులే మనుషుల్ని దించాలి. అందుకు ప్రతి అంతస్తులోనూ పొగ చేరని చోటు, దించే కుర్చీలు, శిక్షణ పొందిన సిబ్బంది ముందే ఉండాలి. ఆపదలో అందాల్సిన ఆ సాయాన్ని సాదాసీదా మంగళవారం నాటి ఏర్పాటుగా మార్చేయడం మీదే నా అభ్యంతరం.

కాబట్టి ఇకముందు లిఫ్ట్ టెండరు రాసేవాళ్లకు నా కోరిక ఇదీ. ముందు మెట్టు తీసేయగలరేమో చూడండి. తీయలేకపోతే ర్యాంప్ పోయండి. అంతస్తులుంటే అందరూ ఎక్కే లిఫ్టే పెట్టండి, చక్రాల కుర్చీ పట్టే కొలతలతో. అర అంతస్తు ఎత్తు మాత్రమే అడ్డమైతే నిలువు ప్లాట్‌ఫారం పెట్టండి, తాళం లేకుండా. మెట్ల మీద పాకే యంత్రాన్ని చిట్టచివరికి, ఇంకే దారీ లేదని లిఖితపూర్వకంగా రాసి సంతకం పెట్టాకే కొనండి. బిల్లు పాస్ చేసే ముందు, చక్రాల కుర్చీ వాడే ఇద్దరిని, వాళ్ల రోజుకూలీ చెల్లించి, పిలవండి. మీరెవరూ ముట్టుకోకుండా, దారి చూపకుండా, వీధిలో నుంచి పై అంతస్తు కౌంటర్ దాకా వాళ్లు వెళ్లి తిరిగి రావాలి. రాలేకపోతే కాంట్రాక్టరుకు డబ్బు ఇవ్వకండి. ఆ ఒక్క షరతు టెండరులో చేరితే, ఏ యంత్రం పెట్టాలో కాంట్రాక్టరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.